పావు మలుపు

గుణకారం అంటే తిప్పడమే అని హైమావతి ఎంత చెప్పినా సన్యాసమ్మ చెవికెక్కలేదు. "ఎక్కాలు మాకూ సెప్పేరే. పంతులు బెత్తం తిప్పేడు గానీ అంకెల్ని ఎవలూ తిప్పనేదు" అని కొట్టిపారేసింది. హైమావతి అంత తేలిగ్గా వదిలిపెట్టే మనిషి కాదు. వాళ్లిద్దరూ మేనత్తా మేనకోడళ్లు, ఆపైన అత్తాకోడళ్లు. మొండితనం ఆ ఇంటి సొత్తు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే అత్త భుజాలు పట్టుకుని వంటింటి నడిమధ్య నిలబెట్టింది.

"గుమ్మంకేసి చూడత్తా. ఇది ఒకటి. ఇప్పుడు వెనక్కి తిరుగు. ఇది మైనస్ ఒకటి. మళ్లీ వెనక్కి తిరుగు. ఏం కనిపించింది?"

"గుమ్మమే. ఇంకేటి కనిపిస్తాది?"

"అదే కదా! మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్. రెండుసార్లు వెనక్కి తిరిగితే మొదటికే వచ్చేవు."

"ఓసి, ఇంతేనేటి! దీనికేనా ఆ పంతుళ్లు గుంటల్ని అంతలేసి బాదీవోరు?"

"ఇంకో ముక్కుంది. ఈసారి వెనక్కి ఒక్కసారిగా తిరక్కు. సగం తిరిగి ఆగు."

సన్యాసమ్మ కొంగు దోపుకుని సగం తిరిగి ఆగింది. ఎదురుగా కిటికీ.

"ఇప్పుడు ముందున్న గుమ్మమూ కాదు, వెనకున్న గోడా కాదు. పావు చుట్టు పక్కకి తిరిగేవు. దాన్ని మేం ఐ అంటాం. ఇంకో సగం తిరిగితే వెనక గోడ వచ్చేస్తుంది. ఐని ఐతో గుణిస్తే మైనస్ ఒకటి. అంతే, అయిపోయింది. సంకీర్ణ సంఖ్యలంటే పిల్లలు బెదిరిపోతారు గానీ, లోపలున్నది ఈ మలుపే."

సన్యాసమ్మ కిటికీలోంచి కాసేపు అలాగే చూసింది. "అయితే ఇన్నాళ్లూ నెక్కల్లో ముందూ ఎనకా తప్ప పక్క అనేదే నేదేటి?"

"లేదనే అనుకున్నారత్తా చాలాకాలం. అందుకే కల్పిత సంఖ్య అని పేరు పెట్టేరు. అయితే నువ్వు కుడికి తిరిగేవు. కుడికి తిరిగితే మైనస్ ఐ. మా లెక్కల్లో ఐ అంటే ఎడమకి తిరగాలి."

"ఎడమకా!" సన్యాసమ్మ గబుక్కున కోడలి వైపు తిరిగింది. "శుభమా అని నిలబడి ఎడమకి ఎవలు తిరుగుతారే? గుడి సుట్టూ కుడికే, హారతి కుడికే, పెళ్లిలో హోమం సుట్టూ కుడికే. మనిసి పోతేనే ఎడమకి తిరిగేది. మీ నెక్కలు రాసినోడెవడో గానీ, ఇంట్లో పెద్దోళ్లు నేనట్టున్నారు."

హైమావతి పకపకా నవ్వింది. నవ్వేసి ఊరుకుంది. ఆ మాటే తన మెడకు చుట్టుకుంటుందని ఆ పూట ఆమెకు ఏం తెలుసు?

సన్యాసమ్మ కొడుకు పైడిరాజు, కోడలు హైమావతి ఇద్దరూ భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్లు. హైమావతి కాలేజీ పిల్లలకి లెక్కలు కూడా చెబుతుంది. చీపురుపల్లి దగ్గర మూతపడ్డ ఒక మాంగనీసు గని సొరంగంలో వాళ్ల ప్రయోగశాల. లెక్కల్లో పక్క అనేది ఒకటుంటే లోకంలోనూ ఉండి తీరాలి కదా అన్నది పైడిరాజు పట్టుదల. ఆ పట్టుదల మీదే భార్యాభర్తలిద్దరూ తమ పడుచుదనమంతా ధారపోసి ఆ సొరంగంలో ఒక గది కట్టారు. ఇనప గోడలు, ఒకవైపు మందపాటి గాజుపలక. గది చుట్టూ పెద్ద అయస్కాంతపు చుట్టలతో ఒక వలయం. ఆ వలయాన్ని పావు వంతు తిప్పితే గదిలో ఉన్నదంతా, గాలితో సహా, ఆ పక్కకి తిరుగుతుంది. దానికి మలుపు గది అని పేరు పెట్టుకున్నారు.

మొదట ఒక జాంకాయ పెట్టి తిప్పారు. చూస్తూ చూస్తుండగానే కాయ లేదు. దీపం రెపరెపలాడలేదు, చప్పుడు కాలేదు. బల్ల మీద కాయ ఉన్నచోట బల్ల మాత్రం ఉంది. వలయాన్ని వెనక్కి తిప్పితే కాయ మళ్లీ అక్కడే ఉంది. పైడిరాజు ఆ కాయని కోయనివ్వలేదు, కొరకనివ్వలేదు. చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మనం కనిపెట్టింది కాదు హైమా ఇది. ఎప్పుడూ ఇక్కడే ఉంది. మనమే పక్కకి చూడలేదు" అన్నాడు.

తర్వాత ఒక శంఖాన్ని ఒకే వైపుకు రెండు పావులు తిప్పారు. ఐ ఇంటూ ఐ. వెళ్లినప్పుడు మామూలు శంఖం, వచ్చినప్పుడు దాని మెలిక అటుదిటు అయిపోయింది. దక్షిణావర్త శంఖం! లక్షల్లో ఒకటి దొరకడమే గగనం అంటారే, అది సొరంగంలో కూర్చుని తయారుచేశారు. సన్యాసమ్మ దాన్ని దేవుడి పటాల ముందు పెట్టి, కొడుకు సాక్షాత్తూ దేవుడి పని చేస్తున్నాడని వీధంతా చాటింది.

ఆ తర్వాత ఎలుక. రెండు పావులు తిరిగొచ్చిన ఎలుక హుషారుగానే పరుగులు తీసింది. గుండె మాత్రం కుడివైపు కొట్టుకుంది. గింజలు వేస్తే తింది. తిన్నకొద్దీ చిక్కిపోయింది. లోకంలోని తిండి ఏ వైపు మెలిక తిరిగి ఉందో దాని ఒళ్లు దానికి ఎదురు మెలిక తిరిగింది మరి, గింజ లోపలికి పోయినా ఒంటికి అంటదు. ఎదురుగా గింజల కుప్ప పెట్టుకుని అది ఆకలితో చచ్చిపోయింది. మైనస్ అనే మాటకు అర్థం హైమావతికి ఆ రోజు తెలిసింది. ఆ తర్వాతి ఎలుకల్ని ఒక్క పావు తిప్పి, మళ్లీ ఆ పావు వెనక్కి తిప్పి తెచ్చారు. అవి చక్కగా బతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి.

ఇక మనిషి వంతు. ఆ మనిషి తనేనని పైడిరాజు ఎప్పుడో తేల్చేసుకున్నాడు. హైమావతి పోట్లాడింది, అలిగింది, రెండు పూటలు అన్నం మానేసింది. అతను వింటేనా?

దసరా, ఆయుధపూజ రోజు. కరెంటు యంత్రాలన్నీ చూసుకునే ఇంజనీరు జోగారావు పొద్దున్నే వచ్చి ప్రతి యంత్రానికీ పసుపురాసి, కుంకుమ బొట్లు పెట్టి, మలుపు గదికి బంతిపూల దండ వేశాడు. హైమావతి కర్పూరం వెలిగించి వలయానికి హారతిచ్చింది. పైడిరాజు కొత్త చొక్కా వేసుకుని గదిలోకి వెళ్లి బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమకి పావు తిప్పడం, కాసేపాగి కుడికి పావు తిప్పడం, అంతే పని. తీరా మీట నొక్కితే మోటారు కదల్లేదు.

"మేడమ్, మోటారు మొండికేసిందండి. చేతిచక్రంతో తిప్పీయొచ్చు గానీ, రేపు చూసుకుందామా?" అన్నాడు జోగారావు.

గాజుపలక అవతలి నుంచి పైడిరాజు వద్దన్నట్టు చెయ్యూపాడు. "చేత్తో తిప్పీవే! అమ్మ పులిహోర పట్టుకుని బయల్దేరింది. వచ్చి చూసిందంటే నన్ను చెవి పట్టుకుని బయటికి లాగుతుంది. అది రాకముందే వెళ్లొచ్చీయాలి."

జోగారావు కరెంటు గదిలోకి పరుగెత్తాడు. హైమావతి హారతి పళ్లెం కిందపెట్టి చేతిచక్రం పట్టుకుంది. చూపు మొగుడి మీద, చేతులు చక్రం మీద. చక్రం తిరిగింది. అతను నవ్వుతూనే ఉన్నాడు, ఆ నవ్వు సగంలో ఉండగానే గది ఖాళీ అయింది. ఆమె ఖాళీ బల్లనే చూసింది. ఒక మనిషి, అందులోనూ తన మనిషి, ఎటూ పోకుండానే పోయాడు! భయం కన్నా ముందు ఆమెకు కలిగింది ఆశ్చర్యమే. ఆ సంగతి తలచుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

ఆ ఆశ్చర్యంలో ఉండగానే వలయంలోని ఒక చుట్ట ఢామ్మని పేలింది. పట్టు తప్పిన వలయం బొంగరంలా గిర్రున తిరిగి, తిరిగి, ఎక్కడో ఆగింది.

జోగారావు వచ్చి చుట్టలన్నీ తడిమి చూశాడు. "ఒక్క పావు తిప్పడానికి పనికొస్తాదండి. అంతే. ఆ తర్వాత ఇంకేం మిగల్దు. కొత్త చుట్టలు చేయించి తేవాలంటే ఏళ్లు పడతాది. లోపల బాబుగారితో పాటు తిరిగిన గాలి సాయంత్రం దాకా సరిపోతాది." చక్రం వంక చూశాడు. "ఎటు తిప్పేరండి మీరు? దానికి ఎదురు తిప్పీద్దాం."

ఎడమకే కదా అందామని హైమావతి నోరు తెరిచింది. తన చెయ్యి చూసుకుని ఆగిపోయింది. తన కుడిచేయి ఇంకా కర్పూరం వాసన కొడుతోంది. హారతి కుడికి తిప్పిన చెయ్యి, ఆ తిప్పుడు ఊపులోనే చక్రం పట్టుకున్న చెయ్యి. బుర్ర ఎడమకనే అనుకుంది. చెయ్యి ఎటు వెళ్లింది? చూపంతా అతని మీదే ఉంది. చుట్ట పేలి కరెంటు పోయాక వలయం తిరిగిన తిరుగుడు అతన్ని కదపదు గానీ, దాని మీది గుర్తులు చూద్దామంటే అది గిర్రున తిరిగి ఎక్కడో ఆగింది. కెమెరా ఉంది గానీ అది గదినే చూస్తోంది. అంత వింత కళ్లముందు జరుగుతుంటే చక్రాన్ని ఎవరు చూస్తారు?

ఎడమకి తిప్పి ఉంటే అతను ఐ దగ్గర ఉన్నాడు, కుడికి తిప్పాలి. కుడికి తిప్పి ఉంటే మైనస్ ఐ దగ్గర ఉన్నాడు, ఎడమకి తిప్పాలి. తప్పు వైపు తిప్పితే మనిషి మైనస్ అయి వస్తాడు. ఎలుకలాగే నిండు విస్తరి ముందు కూర్చుని చిక్కి చిక్కి పోతాడు. సరిదిద్దడానికి ఇంకో తిప్పు లేదు. హైమావతి అక్కడే కూలబడింది.

సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ పులిహోర క్యారేజీతో సొరంగంలోకి అడుగుపెట్టింది.

"ఏటే అమ్మీ, అలాగున్నావు? నా కొడుకేడీ?"

"ఇక్కడే ఉన్నాడత్తా."

"ఎక్కడ?"

"పక్కన."

సన్యాసమ్మ గాజుపలకలోంచి ఖాళీ బల్లని చూసింది. క్యారేజీ చేతిలోంచి జారింది. కోడలి రెండు రెక్కలూ పట్టుకుని ఊపేసింది, తిట్టింది, నెత్తి కొట్టుకుంది. అప్పుడు హైమావతి ఏమీ దాచకుండా అంతా చెప్పేసింది. ఎటు తిప్పానో తెలీదత్తా అని కూడా చెప్పింది.

సన్యాసమ్మ ఏడుపాపి కళ్లు తుడుచుకుంది. "తెలీకపోవడమేటి? పూజ నాడు, హారతిచ్చిన సేత్తో, మొగుణ్ని ఎడమకి తిప్పుతావేటి? నీ బుర్ర పాడైపోయినా సెయ్యి పాడవదు. కుడికే తిప్పుంటావు."

"తిప్పుంటాను అంటే సరిపోదత్తా. తేలాలి. నువ్వన్నావని తిప్పీసి, నువ్వు పొరబడితే?" హైమావతి లేచి నిలబడింది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఎడమకే గీసిన చెయ్యి కూడా ఆ చెయ్యే. ఆ చెయ్యి ఏ అలవాటుకు లొంగిందో ఎలా తెలుస్తుంది?

కంటికి కనపడని మనిషి ఎటు ఉన్నాడో తెలియాలంటే అతనితో దేన్నయినా గుణించాలి. దేన్ని? హైమావతి సొరంగంలో అటూ ఇటూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ పిల్లచక్రం దగ్గర ఆగింది. అది మలుపు గదికి తగిలించిన చిన్న వలయం. దాని మోటారు వేరు, చుట్టలు వేరు. మనిషిని కాదు గదా, నిమ్మకాయని కూడా తిప్పలేదు. ధ్వనిని మాత్రం తిప్పుతుంది. ఎటు కావాలంటే అటు.

"జోగారావ్ గారూ! ధ్వని పంపిద్దాం. పక్కకి తిప్పిన ధ్వని అటువైపు ఉన్న మనిషికి తగిలితే గుణకారం జరుగుతుంది. ఎడమకి తిప్పిన ధ్వని ఐ. బావ కూడా ఎడమకే వెళ్లి ఉంటే ఐ ఇంటూ ఐ. మైనస్ ఒకటి అయి తిరిగొస్తుంది. కుడికి వెళ్లి ఉంటే ఐ ఇంటూ మైనస్ ఐ, ప్లస్ ఒకటి అయి వస్తుంది."

"అది సరేనండి. ధ్వని మైనస్ అయితే చెవికి తెలుస్తాదేటండి? అలలో మిట్ట పల్లమవుతాది, పల్లం మిట్టవుతాది. వినడానికి ఒకేలాగుంటాది."

"విడిగా వింటే తెలీదు. పంపినదాన్నీ వచ్చినదాన్నీ కలిపి వింటే తెలుస్తుంది. రెండూ ఒకటే అయితే ఒకటీ ఒకటీ కలిసి రెట్టింపు. ఒకటి మైనస్ అయితే మిట్ట వెళ్లి పల్లంలో కూర్చుంటుంది. అప్పుడు సున్న."

జోగారావు తీగలు బిగించడం మొదలుపెట్టాడు. ఏ ధ్వని పంపాలి అని అడిగాడు. హైమావతి మైకు తీసుకెళ్లి అత్త ముందు పెట్టింది.

"పిలువత్తా."

సన్యాసమ్మ మైకు వంక చూసింది, ఖాళీ గది వంక చూసింది. వీధి చివర ఆడుకునే కొడుకుని పొద్దుగూకేవేళ ఎలా పిలిచేదో అలా పిలిచింది. "ఒరే పైడీ! ఓ పైడిరాజా! రారా నాయినా!"

ఆ పిలుపుని రికార్డు చేసి, మొదట ఎడమకి తిప్పి పంపారు. తిరిగొచ్చినదాన్ని అసలు పిలుపుతో కలిపి స్పీకర్లోకి వదిలారు. సొరంగం దద్దరిల్లిపోయింది. రెట్టింపైన తల్లి గొంతు రాతిగోడల నిండా మోగింది. సన్యాసమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

రెట్టింపు. అంటే ప్లస్. అంటే బావ మైనస్ ఐ దగ్గర ఉన్నాడు. చెయ్యి కుడికే వెళ్లింది! హైమావతికి ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏడుపు. ఇంత చదువు చదివి, మొగుణ్ని పంపే ఘడియలో తన చెయ్యి తనకే చెప్పకుండా ప్రదక్షిణం చేసింది. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. గోడలకు తగిలి మోగినా చప్పుడు పెరుగుతుంది కదా. రెట్టింపుని పూర్తిగా నమ్మడానికి లేదు. సున్న అలా కాదు. మిట్ట మిట్టా పల్లం పల్లమూ పొల్లుపోకుండా సరిపోతే తప్ప సున్న రాదు.

"ఇప్పుడు అదే పిలుపుని కుడికి తిప్పి పంపండి."

జోగారావు మీట నొక్కాడు. పంపిన పిలుపుకి ఒక మీటరు ముల్లు ఊగింది. తిరిగొచ్చిన పిలుపుకి ఇంకో ముల్లు ఊగింది. రెండూ స్పీకర్లోకి వెళ్తున్నాయి. స్పీకర్ మాత్రం పలకలేదు. గుసగుస లేదు, గురగుర లేదు. సొరంగపు పైకప్పు నుంచి కారే నీటిచుక్కల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఏదే నా పిలుపు?" సన్యాసమ్మ స్పీకర్‌ని తట్టింది. "ఇందాక పలికింది, ఇప్పుడు పలకదేటి? నా కొడుకు... నా కొడుకు నేడేటే?"

హైమావతి ఆమెను గట్టిగా వాటేసుకుంది. "ఉన్నాడత్తా! అక్కడే ఉన్నాడు. నీ గొంతుని కుడికి తిప్పేం. బావా కుడికే తిరిగేడు. మీరిద్దరూ ఒకే దిక్కున కలుసుకున్నారు కాబట్టే ఇది సున్న అయింది. అక్కడ మనిషి లేకపోతే ఈ సున్న రాదు."

సన్యాసమ్మకు మైనస్సులు అర్థమయ్యాయో లేదో గానీ, ఆ నిశ్శబ్దంలో తన కొడుకున్నాడన్న మాట అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది. జోగారావు చెప్పులు విప్పేశాడు. ముగ్గురూ ఆ ఏమీ వినపడని స్పీకర్ ముందు గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడిపోయారు. తల్లి పిలుపంతా అందులో ఉంది, ఒక్క అక్షరం కూడా తగ్గలేదు, అయినా వినపడదు. హైమావతి పాతికేళ్లుగా సున్న రాస్తోంది. సున్నని చూడడం ఇదే మొదలు.

"ఎడమకి తిప్పాలి" అంది చివరికి. "మైనస్ ఐని ఐతో గుణిస్తే ఒకటి. బావ ఒకటై వస్తాడు."

సన్యాసమ్మ ఉలిక్కిపడింది. "ఎడమకా? ఒద్దే. మీ మామ సితి సుట్టూ ఈడే కుండెత్తుకుని ఎడమకి తిరిగేడు. అది సూసిన కళ్లే ఇయ్యి. ఇప్పుడు ఈడినే ఎడమకి తిప్పుతానంటే నాను సూడలేనే."

"అయితే కళ్లు మూసుకో అత్తా. పొద్దు వాలిపోతోంది."

జోగారావు కరెంటు గదిలోకి వెళ్లి మీట పట్టుకున్నాడు. అది వదిలితే ఉన్న కాస్త కరెంటూ పోతుంది. హైమావతి చక్రాన్ని ఎడమకి తిప్పింది. పేలిన చుట్ట అడ్డం పడి చక్రం బరువెక్కిపోయింది. సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఒళ్లంతా బలం చేసి లాగింది. కదల్లేదు. గదిలో బల్ల మీద పొగమంచులాంటి ఆకారం ఒకటి వణుకుతూ నిలబడింది, అటూ కాక ఇటూ కాక. "అత్తా!" అని అరిచింది హైమావతి.

సన్యాసమ్మ వచ్చింది. వచ్చి, కోడలి చేతుల పక్కనే తన రెండు చేతులూ చక్రం మీద వేసింది. "పైడితల్లీ, సూస్తన్నావు కదా" అని అమ్మవారితో ఒక్క మాట అని, కళ్లు తెరుచుకునే, కన్నకొడుకుని ఎడమకి తిప్పింది.

చక్రం కదిలింది. బొటనవేలంత దూరం మిగిలి ఉండగా మిగిలిన చుట్టలూ ఢామ్మన్నాయి. చక్రం ఒక్క తన్ను తన్ని ఇద్దర్నీ వెనక్కి పడేసింది. లేచి చూస్తే బల్ల మీద పైడిరాజు కూర్చుని ఉన్నాడు. చెమటతో తడిసిపోయి, రొప్పుతూ, పొద్దున నవ్విన నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే.

హైమావతి పరుగున వెళ్లి అతని ఛాతీ మీద చెవి పెట్టింది. ఎడమవైపు. గుండె టకటకా కొట్టుకుంటోంది, ఎడమవైపే. ఆమె అలాగే ఉండిపోయింది. సన్యాసమ్మ కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తర్వాత భోరుమంది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును!

ఆ వారమే ఒక ఎండపూట సన్యాసమ్మ పెరట్లో మంచం వేసి గుడ్డ మీద వడియాలు పెడుతోంది. పైడిరాజు పిండిగిన్నె అందిస్తున్నాడు. సన్యాసమ్మ పిండి పెడుతూ పెడుతూ ఆగిపోయింది. నేల మీద మంచం నీడ నల్లగా ఉంది, గిన్నె నీడ నల్లగా ఉంది. గిన్నె పట్టుకున్న కొడుకు నీడ మాత్రం వెలిసిపోయిన పంచెలా ఉంది.

"అమ్మీ, ఇలా రావే!"

హైమావతి వచ్చి చూసింది. బొటనవేలంత దూరం మిగిలిపోయిందన్న సంగతి ఆమె మర్చిపోలేదు, మర్చిపోవాలనుకుంది. అడిగితే పైడిరాజు అప్పుడు చెప్పాడు, అదీ తల దించుకుని. "తిండి ఒంటికి పడుతోంది. కానీ రుచీ వాసనా దూరంగా ఉంటున్నాయి. మీ మాటలు పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టుంటాయి. నాలో పిసరంత అక్కడే ఉండిపోయిందే. మిమ్మల్ని బెదరగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

హైమావతి తన నీడ చూసుకుంది. అది కూడా పలచగానే ఉంది, అతని నీడంత కాదు గానీ పలచనే. వంగి అత్త నీడ చూసింది. అదీ అంతే. చక్రం తన్నిన తన్ను గుర్తొచ్చింది. ఏదైనా ఒకవైపు తోస్తే అది మనల్ని రెండోవైపు తోస్తుంది. అతను ఆ పక్కన ఎంత మిగిలిపోయాడో, చక్రం పట్టుకున్నవాళ్లు దానికి ఎదురుపక్కకి అంత జరిగారు. పట్టుకున్నది ఇద్దరు. చెరిసగం.

గుణిస్తే కోణాలు కలుస్తాయి. అటు మిగిలినదీ ఇటు జరిగినదీ కలిస్తే సరికి సరి.

"బావా, అత్త చెయ్యి పట్టుకో. ఇంకో చెయ్యి నాకివ్వు. అత్తా, నువ్వు నా చెయ్యి పట్టుకో."

ముగ్గురూ ఎండలో చేతులు కలిపి నిలబడ్డారు. నేల మీద మూడు నీడలు మెల్లగా నల్లబడ్డాయి. మంచం నీడంత నల్లగా, జామచెట్టు నీడంత నల్లగా అయ్యాయి. పైడిరాజు ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు.

"అమ్మా! వడియాల్లో జీలకర్ర వేసేవా? వాసనొస్తోందే. ఎంత బాగుందో!"

సన్యాసమ్మ నవ్వింది. హైమావతి నవ్వింది. సంకీర్ణ సంఖ్యలు మూడు కలిసి ఒక మామూలు ఒకటి అవడం కాయితం మీద ఎన్నిసార్లు చేసి చూపించిందో పిల్లలకి! అది ఇప్పుడు తన పెరట్లో, తన వేళ్ల మధ్య జరుగుతోంది. ఎవరూ చెయ్యి వదల్లేదు. వడియాల మీదికి కాకి వచ్చినా ఎవరూ అదిలించలేదు.

కాసేపటికి హైమావతి చెయ్యి చల్లబడడం సన్యాసమ్మకు తెలిసింది. కోడలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో నవ్వు లేదు.

"ఏటయిందే?"

"ఏం లేదత్తా."

"మొహం సూస్తే తెలీదేటి? ముగ్గురుంటేనే సరిపోతాది నెక్క. అంతేనా?"

హైమావతి తలూపింది.

"మరి నాను పోతే?"

పైడిరాజు "ఊరుకో అమ్మా" అన్నాడు. హైమావతికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నీ వంతు సగం తీరకుండా మిగిలిపోతుందత్తా. అది నేను తీర్చలేను. గది మళ్లీ కట్టేదాకా బావ అలాగే ఉంటాడు."

"కట్టడానికి ఎన్నేళ్లు?"

"తెలీదు. చుట్టలు రావాలి. ఏళ్లే పడుతుంది."

సన్యాసమ్మ నేల మీది తన నల్లటి నీడని, కొడుకు నీడని చూసింది. పిండంటిన చేతిని కొడుకు చేతిలోంచి తియ్యకుండానే భుజంతో చెమట తుడుచుకుంది.

"ఆ సుగరు డాక్టరు రమ్మని సెప్పి ఏడాదైంది. సూదులకి బయమేసి నానే ఎల్లనేదు" అంది. "రేపు పొద్దున్నే తీసుకెల్లండి నన్ను."